నరకవీధిలో ఒక ఉయ్యాల



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ డాక్టరమ్మగారి చేతుల మీద పుట్టినవాళ్లు ఈ హాలులోనే కొందరుంటారు. ఏడో నెల పిల్లను గాజుపెట్టెలో పెట్టాల్సి వస్తే, ఆమె ముందు పిల్లను చూసుకుని, తరవాత తల్లిని చెయ్యిపట్టుకుని ఆ పెట్టె దగ్గరికి నడిపించుకొచ్చేవారు. బాలింత లేవకూడదని ఇంట్లో పెద్దవాళ్లు గొణిగినా వినేవారు కాదు. బిడ్డను కాపాడటమంటే తల్లినీ దగ్గర ఉంచడమని ఆసుపత్రులకు తెలిసిరావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. పారిస్‌లో అది ఎలా జరిగిందో ఇవాళ చెబుతాను.

1811లో నెపోలియన్ ఒక శాసనం చేశాడు. దొరికిన పిల్లలను చేర్చుకునే ఆశ్రమాలకు ‘టూర్’ ఉండాలన్నాడు. టూర్ అంటే గోడలో బిగించిన చెక్క పీపా. ఒక పక్క తెరిచి ఉంటుంది, ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. రాత్రిపూట వీధిలోంచి బిడ్డను అందులో పడుకోబెట్టి గంట లాగితే, లోపల ఉన్నావిడ పీపాను తనవైపు తిప్పుకుంటుంది. పెట్టిన చెయ్యి ఎవరిదో తీసిన చేతికి తెలియదు. కుంతి కర్ణుణ్ని పెట్టెలో పెట్టి ఏటికి వదిలింది. ఇక్కడ పెట్టె, ఏరు రెండూ సర్కారే సమకూర్చింది. పారిస్‌లో ఆ ఆశ్రమం ఉన్న వీధి పేరు ‘ర్యూ దాంఫేర్’, నరకవీధి. ఆశ్రమాన్ని చూసి పెట్టిన పేరేం కాదు లెండి, అంతకు ముందునుంచీ ఉన్నదే.

కొందరు తల్లులు పొత్తిగుడ్డల్లో ఒక రిబ్బను ముక్కో, సగానికి చింపిన పేకముక్కో పెట్టేవారు. మిగతా సగం తమ దగ్గరే దాచుకునేవారు, ఎప్పటికైనా వచ్చి రెండూ జతచేసి చూపించి బిడ్డను అడగవచ్చునని. ఆశ్రమం తన గుర్తు తను వేసేది: బిడ్డ మెడకు నంబరున్న పట్టీ, దానికి ముద్ర. ఆ పైన పల్లెల్లోని పాలదాదుల దగ్గరికి పంపేది. ఏడాది తిరక్కుండానే రాలిపోయినవాళ్లు ఎందరో. పారిస్ టూర్‌ను 1862లో మూసేశారు.

తల్లుల సంగతి చూద్దాం. మతెర్నితే అనే ప్రసూతి ఆసుపత్రి పోర్ రోయాల్ పాత కాన్వెంటులో ఉండేది. అక్కడికి వచ్చేది పేదవాళ్లు, పెళ్లికాని పనిమనుషులు. స్తెఫాన్ తార్నియే అనే కుర్ర డాక్టరు 1856 లెక్కలు తీశాడు. ఆసుపత్రిలో పురుడు పోసుకున్నవాళ్లలో 19 మందికి ఒకరు చనిపోతుంటే, ఆ చుట్టుపక్కల ఇళ్లలో 322 మందికి ఒకరు. ధర్మాసుపత్రి మంచం కంటే ఇంటి చాపే నయమన్నమాట! సూతికాజ్వరం ఒకరినుంచి ఒకరికి అంటుకుంటోందని తార్నియే వాదించాడు. పెద్దలకు రుచించలేదు. 1876లో ప్రతి గదికీ బయటికే తలుపుండే చిన్న భవనం కట్టించి, బాలింతలను విడివిడిగా ఉంచాడు.

తరవాత ఆయన చూపు పిల్లల మీదికి మళ్లింది. ఒక జంతు ప్రదర్శనశాలలో కోడిగుడ్లను పొదిగే యంత్రం చూసి, దాన్ని చేసిన ఓదీల్ మార్తాన్‌నే పిల్లలకూ ఒకటి చెయ్యమన్నాడు. రెండు పొరల చెక్క గోడలు, మధ్యలో రంపప్పొట్టు, అడుగున వేడినీళ్లు, పైన అద్దం. కాస్త తరవాతి నమూనాలో మట్టి సీసాల్లో వేడినీళ్లు పోసి, చల్లారినవి తీసి కొత్తవి పెడుతూ ఉండేవారు. రాత్రంతా ఆ పని ఒక నర్సుది. బాలింత మంచం కింద కుంపటి పెట్టే మనకు వెచ్చదనం కొత్తేం కాదు. పెట్టెలో థర్మామీటరు పెట్టి చూడటమే కొత్త. రెండు కిలోలు తూగని పిల్లల్లో అంతకుముందు నూటికి 66 మంది పోయేవారు, పెట్టెలు వచ్చాక 38 మంది.

ఇంత మేలు చేసిన పెట్టె కూడా ఒక రకంగా టూరే. తార్నియే శిష్యుడు పియేర్ బుదాన్ ఆ సంగతి పసిగట్టాడు. బిడ్డ ఆకలి తీర్చే పని తనకు లేకుండా పోయిన తల్లి మెల్లిగా ఆ బిడ్డ మీద ఆశ వదులుకుంటోందని, కొందరు వదిలేసి వెళ్లిపోతున్నారని రాశాడు. తల్లిపాల కోసం ఆయన పట్టుబట్టడానికి కారణం పాల గుణం ఒక్కటే అనుకోను.

1892లో షారితే ఆసుపత్రిలో బుదాన్ ఒక ఏర్పాటు చేశాడు. అక్కడ పురుడు పోసుకుని ఇంటికెళ్లిన తల్లులు ఎప్పటికప్పుడు బిడ్డను ఎత్తుకుని రావాలి. పాలు చాలని తల్లికి మరగించిన ఆవుపాల సీసాలు ఇస్తారు. బల్ల మీద ఒక త్రాసు. తన వంతు రాగానే తల్లి పొత్తిగుడ్డలు విప్పి బిడ్డను తనే అందులో పడుకోబెట్టి, ముల్లు నిలిచేదాకా కన్నార్పకుండా చూసి, మళ్లీ ఒళ్లోకి తీసుకునేది.