వెబ్‌ప్యాక్‌లో ప్లగిన్ పనంతా సమయంలోనే ఉంది

జావాస్క్రిప్ట్ ఫైళ్లను కలిపి మూటగట్టే బండ్లర్ వెబ్‌ప్యాక్. దానికి ప్లగిన్ అంటే అప్లై అనే మెథడ్ ఉన్న జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్. అంతకు మించిన అర్హతేమీ అక్కర్లేదు. బిల్డ్ మొదలవగానే వెబ్‌ప్యాక్ ఆ మెథడ్‌ను ఒక్కసారి పిలిచి, మొత్తం బిల్డ్‌ను నడిపే కంపైలర్‌ను దాని చేతికిస్తుంది. ప్లగిన్ అక్కడికక్కడ ఏ పనీ చేయదు. ఫలానా ఘట్టం రాగానే తనను పిలవమని పేరు రాయించుకుంటుంది, అంతే. ఆ ఘట్టాలనే హుక్స్ అంటారు.

టోబియాస్ కోపర్స్ 2012లో మొదలుపెట్టిన ఈ బండ్లర్‌లో హుక్స్ బాధ్యతంతా ట్యాపబుల్ అనే చిన్న లైబ్రరీది. అన్ని హుక్స్ ఒకే రకం కావు. కొన్ని పేరు రాయించుకున్న వాళ్లను వరుసగా పిలుస్తాయి. కొన్ని అందరినీ ఒకేసారి బయల్దేరదీసి, అందరూ ముగించేదాకా ఆగుతాయి. బెయిల్ రకం హుక్‌లో ఒక్కరు జవాబు చెబితే చాలు, మిగతావారిని అడగదు. ఫైళ్లు రాయాలా వద్దా అని అడిగే షుడ్‌ఎమిట్ ఈ రకమే. అక్కడ ప్లగిన్ ఫాల్స్ అని చెబితే డిస్క్ మీదికి ఏదీ వెళ్లదు. వెబ్‌ప్యాక్ సొంత పనుల్లో చాలా భాగం కూడా ఇలాంటి ప్లగిన్లే చేస్తాయి. బయటి నుంచి వచ్చిన ప్లగిన్‌కూ లోపలి ప్లగిన్‌కూ ఒకే తలుపు ఉండడం ఈ నిర్మాణంలోని గొప్పదనం.

నంద్యాల చుట్టూ ఉన్న నవనందుల ఆలయాల మీద, ఆళ్లగడ్డ రాతి శిల్పాల మీద తెలుగులో ఒక చిన్న సైట్ ఉందనుకుందాం. మొదటి ఫైలు నవనందుల ఫైలునూ, శిల్పాల ఫైలునూ ఇంపోర్ట్ చేస్తుంది. శిల్పాల ఫైలు అహోబిలం ఫైలును ఇంపోర్ట్ చేస్తుంది. మేక్ హుక్ దగ్గర మొదటి ఫైలు లోపలికి వస్తుంది. లోడర్లు ఒక్కో ఫైలునూ విడిగా మార్చి ఇస్తాయి. లోడర్‌కు మామూలుగా తన ఫైలే కనిపిస్తుంది, ప్లగిన్‌కు మాత్రం మొత్తం కనిపిస్తుంది. ఆ తర్వాత ఏకార్న్ అనే పార్సర్ కోడ్‌ను వాక్యనిర్మాణ వృక్షంగా విడదీస్తుంది. అందులో దొరికిన ప్రతి ఇంపోర్ట్ వెంట వెళ్తే ఇంకో ఫైలు, దాని వెంట మరొకటి. చేరాల్సినవన్నీ చేరాక సీల్ ఘట్టం వస్తుంది. అక్కడ ఆ ఫైళ్లు, అంటే మాడ్యూళ్లు, చంకులనే గుంపులుగా సర్దుకుని, బయటికి వెళ్లే అసెట్లుగా మారతాయి.

ప్లగిన్ రాసేవారు పొరపడే వీలున్నది సీల్‌లోనే అసెట్లు తయారయ్యాక వచ్చే ఘట్టంలో, అంటే ప్రాసెస్ అసెట్స్‌లో. 2020లో వచ్చిన వెబ్‌ప్యాక్ 5 దీన్ని అంకెలు వేసిన దశలుగా విడగొట్టింది. అంకె చిన్నదైతే ముందు, పెద్దదైతే తర్వాత. కోడ్‌ను కుదించే దశ 400. జిప్ ప్రతులు తయారుచేసే దశ 3000. కొలతలు తీసే దశ 4000. ఏ దశా చెప్పకపోతే ప్లగిన్ సున్నా దగ్గర నిలబడుతుంది.

దశ మారితే తెలుగు సైట్‌కు వచ్చే తేడా ఎంతదో లెక్కేసి చూడవచ్చు. యూటీఎఫ్-8లో తెలుగు రాతలోని యూనికోడ్ సంకేతం, అంటే కోడ్, ఒక్కోటి 3 బైట్లు. "నంద్యాల"లో 7 కోడ్లు, కాబట్టి 21 బైట్లు. "ఆళ్లగడ్డ"లో 8 కోడ్లు, 24 బైట్లు. కుదించే పనిని ఈఎస్‌బిల్డ్ అనే పనిముట్టుకు అప్పగిస్తే, అది ప్రత్యేకంగా చెప్పనంతవరకు ఆస్కీ అక్షరాలే రాస్తుంది. ఒక్కో తెలుగు కోడ్ స్థానంలో బ్యాక్‌స్లాష్, యు, నాలుగు అంకెలు కలిసిన ఎస్కేప్, వెరసి 6 బైట్లు, వస్తుంది. కుదించాల్సిన చోట నంద్యాల 42 బైట్లు అవుతుంది, ఆళ్లగడ్డ 48. సర్వర్ జిప్ చేసి పంపితే కొంత తేడా తగ్గుతుంది. అయినా బ్రౌజర్ చదవాల్సిన పాఠం పెద్దదే.

తెలుగు పాఠం ఎన్ని బైట్లు పడుతోందో చెప్పే ప్లగిన్ రాసి, దశ చెప్పకుండా వదిలేస్తే అది సున్నా దగ్గరే లెక్కపెట్టి 21 అంటుంది. పాఠకుడికి చేరేది 42. కోడ్‌లో తప్పేమీ లేదు, నిలబడిన చోటే తప్పు. ఆళ్లగడ్డ శిల్పశాలలో పెద్ద ఉలి పని, చిన్న ఉలి పని, చివర నునుపు అనే వరుస ఉంటుంది. నునుపు పెట్టకముందు తీసిన కొలత పూర్తయిన విగ్రహానిది కాదు. ఇక్కడా అంతే. ప్లగిన్ 4000 దగ్గర పేరు రాయించుకుంటే కుదించిన అసెట్లు చేతికొస్తాయి. వాటిలో తెలుగు కోడ్లవైన 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకున్న ఎస్కేప్‌లు వెతికి, దొరికితే ఆ బిల్డ్‌కు చెందిన కంపైలేషన్ అనే ఆబ్జెక్ట్‌లోని హెచ్చరికల జాబితాలో ఒక హెచ్చరిక చేర్చాలి. టెర్మినల్‌లో ఆ హెచ్చరిక పసుపు రంగులో కనిపిస్తుంది. కుదింపుకు యూటీఎఫ్-8 వాడమని ఒక్క ఎంపిక చేరిస్తే ఆ హెచ్చరిక మళ్లీ రాదు.

బైట్ల లెక్కను దాచుకునే చోటు విషయంలోనూ జాగ్రత్త అవసరం. కంపైలర్ మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే. వాచ్ మోడ్‌లో ఫైలు సేవ్ చేసి బిల్డ్ మళ్లీ మొదలైన ప్రతిసారీ కొత్త కంపైలేషన్ పుడుతుంది. లెక్కను ప్లగిన్ ఆబ్జెక్ట్‌లోనే పెట్టేస్తే పాత బైట్లు కొత్తవాటికి కలిసిపోయి, ప్రతి సేవ్‌కూ అంకె పెరుగుతూ పోతుంది. దిస్‌కంపైలేషన్ హుక్ లోపల, ఆ కంపైలేషన్‌కే చెందేలా కొత్త లెక్క మొదలుపెడితే ఆ ఇబ్బంది ఉండదు.