నరానికీ కండకూ నడుమ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఊరికి పనికొచ్చే సైన్సు విషయం ఏదైనా చెప్పమని సంఘం వారు అడిగారు. నేను మత్తు డాక్టరును. ఆపరేషను జరిగినంత సేపూ రోగి ఊపిరి నా చేతుల్లో ఉంటుంది. అందుకని మన ఒంట్లో కణాలు ఒకదానితో ఒకటి ఎట్లా మాట్లాడుకుంటాయో, ఆ మాట తెగిపోతే ఏమవుతుందో చెబుతాను.

మన శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నాయి. అన్నీ ఒక్క కణం నుంచి పుట్టినవే. పుట్టాక పనులు పంచుకున్నాయి. ఎర్ర రక్తకణం ప్రాణవాయువును మోయడం కోసం తన కేంద్రకాన్నే వదులుకుంది. దాదాపు 120 రోజులు తిరిగి రాలిపోతుంది. క్లోమంలోని బీటా కణం రక్తంలో చక్కెరను కనిపెట్టి ఇన్సులిన్ వదులుతుంది. నాడీకణం వెన్నుపాములో కూర్చుని, మీటరు పొడవున్న తీగను కాలి దాకా చాస్తుంది. కండకణం ముడుచుకోవడంలో ఆరితేరింది.

పనులు పంచుకున్నవాళ్ళు మాట్లాడుకోక తప్పదు గదా! ఇన్సులిన్ వంటి హార్మోన్లు ఊరంతా వేసే దండోరా లాంటివి. రక్తంలో ఒళ్ళంతా తిరుగుతాయి, వినే చెవి ఉన్న కణమే వింటుంది. నరం అట్లా కాదు. ఒక్క ఇంటి తలుపే తట్టి కబురు చెబుతుంది.

వింతేమిటంటే నరం కండను తాకదు. రెండింటి నడుమ వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని సందు ఉంది. నరంలో వచ్చిన విద్యుత్తు అక్కడ ఆగిపోతుంది. నరం కొస ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. అది సందు దాటి, కండ మీద ఉన్న గ్రాహకాల్లో తాళంలో చెవిలాగా కూర్చుంటుంది. కండ ముడుచుకుంటుంది. వెంటనే ఒక ఎంజైము వచ్చి ఆ రసాయనాన్ని ఊడ్చేస్తుంది. నరాలు ఇట్లా రసాయనాలతో మాట్లాడతాయని 1921లో ఆటో లోవీ కప్ప గుండెలతో నిరూపించాడు. ఒక గుండె నరాన్ని ప్రేరేపించి దాని వేగం తగ్గించాడు. ఆ గుండెను తడిపిన ద్రవాన్ని ఇంకో గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. 1936లో ఆయనకూ హెన్రీ డేల్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక మన చేలగట్ల మీదికి వద్దాం. నాగుపాము, కట్లపాముల విషం దెబ్బకొట్టేది సరిగ్గా ఈ సందులోనే. నాగుపాము విషం కండ మీది తాళాల్లో పుల్ల విరిచినట్టు ఇరుక్కుంటుంది. కట్లపాము విషం అంతటితో ఆగదు, నరం కొసనే పాడుచేస్తుంది.

కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బంగారస్. అది మన 'బంగారు' మాటే. కోరమండల్ తీరపు పాముల మీద 1796లో పుస్తకం వేసిన పాట్రిక్ రసెల్, ఇక్కడివాళ్ళు చెప్పిన తెలుగు పేర్లనే రాసుకున్నాడు. అట్లా ఆ మాట లాటిన్‌లోకి ఎక్కింది. 1963లో తైవాన్‌లో ఒక కట్లపాము విషం నుంచి వేరుచేసిన పదార్థానికి బంగారోటాక్సిన్ అని పేరు పెట్టారు. దాన్ని పట్టుకునే శాస్త్రజ్ఞులు కండ మీది గ్రాహకాన్ని విడిగా తీసి చూడగలిగారు.

కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్ళను ఎక్కువగా కరుస్తుంది. నొప్పి ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు. తర్వాత రెప్పలు వాలతాయి, గుటక పడదు, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి కండలు ఆగిపోతాయి. ఈ దశలో మనిషి కళ్ళు తెరవలేడు, వేలు కదపలేడు. కానీ చాలామందికి చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు వినబడుతూనే ఉంటాయి. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. పోయాడని మనం ఏడుస్తుంటే ఆ ఏడుపు అతను వింటూ ఉండవచ్చు.

నాగుపాము విషం చేసే పనినే నేను థియేటరులో మందుతో చేస్తాను. కండలు సడలడానికి మేమిచ్చే మందులు ఆ తాళాలనే మూస్తాయి. అయినా రోగి బతుకుతాడు, ఎందుకంటే అతని బదులు మేం ఊపిరి పోస్తాం. పాము కాటుకూ ఇదే సూత్రం. విరుగుడు మందు రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటుందిగాని, అప్పటికే పాడైన నరం కొసను బాగుచేయలేదు. అందుకే అది తొందరగా పడాలి. ఆ కొసలు మళ్ళీ మొలిచే దాకా, కొన్ని రోజులైనా, వారాలైనా, వెంటిలేటరు ఊపిరి పోస్తే మనిషి నడిచి ఇంటికి వస్తాడు.

పురుగుమందులది దీనికి తిరగబడ్డ కథ. మోనోక్రోటోఫాస్ వంటివి ఊడ్చే ఎంజైమునే కట్టేస్తాయి. కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. చొంగ, చెమట, కండల అదురు, చివరికి అదే ఊపిరి కష్టం. పిచికారీ చేసేటప్పుడు చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ మరవకండి.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుకు సుమారు 12 లక్షల మంది పోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. వాళ్ళలో ఎక్కువమంది మనలాంటి పల్లెల వాళ్ళే. నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఊళ్ళు మనవి. మల్లాం సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకునే వాళ్ళం. మొక్కు మానమని నేను చెప్పను. ముందు 108కి ఫోను చేయండి, మొక్కు తర్వాత తీర్చుకుందురు. గాటు దగ్గర కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడు బిగించవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. దారిలో ఊపిరి ఆగితే నోటితో ఊపిరి ఊదుతూనే తీసుకెళ్ళండి. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కింద దోపుకుంటే చాలా కాట్లు అసలు పడవు.

సంఘానికి ఒక్క విన్నపం. స్వర్ణోత్సవ గుర్తుగా మన బడి గోడ మీద ఈ నాలుగు మాటలు పెద్ద అక్షరాలతో రాయించండి. ఏటా వానలు మొదలయ్యే ముందు తొమ్మిదో తరగతి పిల్లల చేత ఊపిరి ఊదడం సాధన చేయించండి. నేర్పడానికి నేను వస్తాను.