సముద్రంలో శబ్దవేగం – నాట్ల లెక్క

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ శాఖల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ అంశం వినగానే కొందరు నవ్వుకొని ఉంటారు. సముద్రం మనకు దూరం. పైగా ‘నాట్లు’ అంటే సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఎవరికైనా గుర్తొచ్చేవి వరి నాట్లే. ఓడల వేగాన్ని కొలిచే నాట్ వేరు. ఇంగ్లీషులో ఆ మాటకు ముడి అని అర్థం. పూర్వం తెరచాప ఓడ వెనుక ముడులు వేసిన తాడు వదిలేవారు. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు చేయి దాటితే ఓడ వేగం అన్ని నాట్లు.

నేటి లెక్కలో ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు. నాటికల్ మైలుకు 1852 మీటర్లు. 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశం దీన్ని ఖాయం చేసింది. ఈ సంఖ్య ఊరికే పెట్టింది కాదు. అక్షాంశంలో ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే, ఒక్కో భాగం భూమి మీద దాదాపు ఇంత దూరం వస్తుంది. పటం చూసి ఓడ నడిపేవాడికి అదే సులువు. ఇంకొక మాట. ‘గంటకు ఇన్ని నాట్లు’ అనకూడదు. గంట అనేది నాట్‌లోనే ఉంది.

ఇక లెక్కలోకి వద్దాం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, సముద్రపు నీటిలో సుమారు 1500 మీటర్లు పోతుంది. అంటే సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఉన్న సుమారు 45 కిలోమీటర్లను అర నిమిషంలో దాటుతుంది. గంటకు 3600 సెకన్లు కనుక 1500ను 3600తో గుణిస్తే 54 లక్షల మీటర్లు. దాన్ని 1852తో భాగిస్తే 2916 నాట్లు. నోటి లెక్క కావాలంటే 1500ను రెట్టింపు చేసి, నూటికి మూడు చొప్పున తీసేయండి. 3000లో 90 పోతే 2910. మనవళ్ళకు చెప్పడానికి ఇది చాలు.

అయితే నాటికల్ మైలుకు బదులు 1609 మీటర్ల మామూలు మైలుతో భాగిస్తే 3356 వస్తుంది. రెండూ మైళ్ళే, తేడా మాత్రం 440. ఇది మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. నిజాం కాలంలో 7 హాలీ రూపాయలు 6 కల్దార్ రూపాయలకు సమానం. ఏ రూపాయో చెప్పకుండా బాకీ రాస్తే తగాదా తప్పదు కదా!

1500 అన్నది కూడా గుండు లెక్కే. నీరు వేడెక్కినా, ఉప్పదనం పెరిగినా, లోతు పెరిగినా శబ్దవేగం పెరుగుతుంది. 1826లో కొలాడాన్, స్టుర్మ్ అనే ఇద్దరు జెనీవా సరస్సులో నీటి కింద గంట కొట్టి కొలిచారు. ఆ చల్లని మంచినీటిలో 1435 మీటర్లు వచ్చింది. మన బంగాళాఖాతం పైనీటిలో, 28 డిగ్రీల వేడి దగ్గర, అది సుమారు 1540. అంటే 2993 నాట్లకు పైమాటే. నీరంతా అలా ఉన్న చోట యంత్రానికి 1500 అని చెబితే, 100 మీటర్ల లోతును 97గా చూపిస్తుంది. సూర్యాపేట పక్కనుంచి పారే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి చివరికి ఆ సముద్రానికే చేరుతుంది. నదుల మంచినీరు కలిసే చోట ఉప్పదనం తగ్గి, ఈ వేగం కూడా తగ్గుతుంది.

ఇదంతా మనకెందుకంటారా? 2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నర ప్రాంతంలో సుమత్రా దగ్గర భూమి కంపించింది. సునామీ మన కోస్తాకు చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. హెచ్చరించే ఏర్పాటు లేక, ఆ వ్యవధి వృథా అయింది. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వందమందికి పైగా పోయారు. ఆనాడు పౌర్ణమి, మంగినపూడిలో స్నానాలకు వెళ్ళినవారూ అందులో ఉన్నారు.

4000 మీటర్ల లోతున్న సముద్రంలో సునామీ వేగం సుమారు 385 నాట్లు. శబ్దం దానికి ఏడు రెట్లకు పైగా వేగంగా పోతుంది. ఈ పోలిక రెండింటినీ ఒకే కొలతలో పెడితేనే తెలుస్తుంది. ఇప్పుడు సముద్రగర్భంలో నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలున్నాయి. రేడియో తరంగాలు ఉప్పునీటిలో దూరం పోలేవు. కనుక ఆ పరికరం తన కబురును శబ్దంగా పైకి పంపుతుంది. 4000 మీటర్లు ఎక్కడానికి మూడు సెకన్లు కూడా పట్టదు. పైన తేలే బోయా దాన్ని అందుకొని ఉపగ్రహం ద్వారా హైదరాబాదులోని ఇన్‌కాయిస్ కేంద్రానికి చేరుస్తుంది. 2007 అక్టోబరు నుంచి ఈ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది. సముద్రం లేని ఊళ్ళో కూర్చొని తీరప్రాంతానికి కాపలా కాస్తున్నారన్నమాట.

కనుక పెద్దలారా, పిల్లలు ఏ అంకె చెప్పినా ‘దేనిలో?’ అని అడగడం నేర్పండి. సముద్రస్నానానికి వెళ్ళినప్పుడు హెచ్చరిక వస్తే, అలను చూసి పోదామని ఆగకుండా ఎత్తుకు వెళ్ళమని చెప్పండి. శబ్దం మన కోసం సంపాదించి పెట్టే నిమిషాలు మనం లేచి కదిలితేనే పనికొస్తాయి.