తెర వెంట తెర: పంచాయతీ లెక్క చూచు విధము

(పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

సభ్యులారా,

మన గ్రామ పంచాయతీలకు 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగినవి. మీలో పలువురు తొలిసారి వార్డు సభ్యులైనవారు. "లెక్కలు కార్యదర్శిగారికి తెలియును, మాకేమి తెలియును?" అను మాట ఇక చెల్లదు. 2020 ఏప్రిల్ 24న, జాతీయ పంచాయతీరాజ్ దినమున, ప్రధానమంత్రి ప్రారంభించిన ఈ-గ్రామస్వరాజ్ యాప్‌నందు గ్రామపు ప్రణాళికను, ఖర్చును ఎవరైనను చూడవచ్చును. అయితే దారి తెలిసి నడువవలెను.

మన గొలుసుకట్టు చెరువులు మీరెరిగినవే. పై చెరువు మత్తడి దూకిన నీరే కింది చెరువునకు చేరును. ఈ యాప్‌లోని తెరలును అట్లే వచ్చును: రాష్ట్రము, జిల్లా, మండలము, గ్రామ పంచాయతీ, ఆర్థిక సంవత్సరము. పైన తప్పినచో కిందివన్నియు తప్పును.

మనవారికి చిక్కు వచ్చునది జిల్లా యొద్దనే. నల్లగొండ, పాలమూరు అను పేర్లు నోటికి అలవాటైనవి గాని, 2016 అక్టోబరు 11న ఆ రెండు జిల్లాలును విభజింపబడినవి. కోదాడ మండలపు ఊళ్లు సూర్యాపేటలో నున్నవి. మక్తల్ మండలపు ఊళ్లు 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన నారాయణపేటలో నున్నవి. మహబూబ్‌నగరు కింద ఎంత వెదకినను దొరకవు. ఇక ఆత్మకూరు సంగతి చూడుడు. యాదాద్రి భువనగిరిలో ఆత్మకూరు(ఎం), సూర్యాపేటలో ఆత్మకూరు(ఎస్), వనపర్తిలో మరియొక ఆత్మకూరు! తొందరపడి వ్రేలు మోపినచో పరాయి ఊరి మోరీ ఖర్చు మన ఊరిదని భ్రమపడుదుము. ఆ అంకె పట్టుకొని గ్రామసభలో సర్పంచిని నిలదీసిన సభ్యుని మాట మరునాడెవ్వరును వినరు. నిజముగా సొమ్ము దారి తప్పిననాడు కూడ వినరు.

తప్పు తెరకు వచ్చినచో కంగారు వలదు. యాప్‌లలో సాధారణముగా పైన ఎడమవైపున బాణపు గుర్తుండును. దానిని నొక్కిన ఒక్క మెట్టు వెనుకకు పోవుదుము. ఫోను అడుగునగల ఇంటి గుర్తు వేరు. దానిని నొక్కినచో యాప్ కనుమరుగగునే గాని మూతపడదు. మరల తెరచినపుడు ఇంతకుముందు చూచిన ఊరే ఎదుట నిలువవచ్చును. కావున ప్రతిసారియు ముందుగా ఊరి పేరును, సంవత్సరమును చదివి, పిదప అంకెలను చూడుడు. ఆర్థిక సంవత్సరము ఏప్రిల్‌తో మొదలై మార్చితో ముగియును. ఫిబ్రవరిలో వేసిన బోరు ఖర్చును మే నెలలో కొత్త సంవత్సరము కింద వెదకిన కనబడదు.

బడి పిల్లవాడు నేర్పగా నేర్చుకొనుట చిన్నతనము కాదు. అయితే వానిచే నొక్కించక, మీ వ్రేలితోనే నొక్కుడు.

అంకెలో తేడా తోచినచో ఊరు, సంవత్సరము, పని పేరు, మొత్తము కాగితముపై వ్రాసికొని, కార్యదర్శిగారి నగదు పుస్తకముతో సరిచూడుడు. అప్పటికిని పొసగనిచో గ్రామసభలో అడుగుడు. రెండు నెలలకొకసారి గ్రామసభ జరుపవలెనని 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము విధించినది.