చదవకుండా పెట్టిన సంతకం వేలిముద్రే

(నర్సింగు చదువుతున్న ఆడపిల్లలు, వారి తల్లిదండ్రుల కోసం వాడలో జరిపిన సమావేశంలో, గల్ఫులో పనిచేసి తిరిగొచ్చిన ఒక స్టాఫ్ నర్సు ప్రసంగ పాఠం)



మా తాత ఒక ఆసామి దగ్గర పాలేరు. పెళ్లికి తెచ్చిన అప్పు కింద పాలేరుతనం. కాగితంలో ఏం రాశారో ఆయనకు తెలవదు. వేలిముద్ర వేయమన్నారు, వేశాడు. ఎన్నేళ్లు చేసినా ఆ అప్పు తీరలేదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం వచ్చిన సంగతి ఆయన చెవిన పడేసరికే ముసలివాడైపోయాడు.

నేను నర్సింగు చదివాను. ఇంగ్లీషులో సంతకం పెట్టడం వచ్చు. 2012లో గల్ఫు పోవడానికి ఒక ఏజెంటుకు 2 లక్షల 40 వేలు కట్టాం. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు. మా నాయన ఇంటిస్థలం కాగితం తాకట్టు పెట్టాడు. నెలకు వడ్డీయే 7,200. విమానం ఎక్కే ముందు రాత్రి ఏజెంటు ఆరు పేజీల కాగితం ముందు పెట్టి, "తొందరగా కానియ్యమ్మా" అన్నాడు. చదవకుండా పెట్టేశాను. రెండేళ్లలోపు మానేస్తే ఖర్చులన్నీ నేనే కట్టాలని అందులో ఉంది. అక్కడికి పోయాకే తెలిసింది. చెప్పండి, మా తాత వేలిముద్రకూ నా సంతకానికీ తేడా ఏముంది?

అసలు ఈ పని మనకెట్లా వచ్చింది? చీము, నెత్తురు, మలం ముట్టుకునే పని అని పెద్దకులాల వాళ్లు తమ ఆడపిల్లల్ని పంపలేదు. గుంటూరులో 1898లో డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి తెరిచింది. అట్లాంటి మిషన్ ఆసుపత్రుల్లో నర్సు బట్టలు తొడుక్కున్న వాళ్లలో మన వాడల క్రైస్తవ ఆడపిల్లలు ఎందరో. అంటరాని పని అన్నదాని కోసమే ఇవాళ జర్మనీ, బ్రిటన్, గల్ఫ్ దేశాలు మనల్ని పిలుస్తున్నాయి. మన మీద దయతో కాదు. వాళ్లకు నర్సులు కావాలి. అవసరం వాళ్లదైనప్పుడు బేరమాడే హక్కు మనకుంది.

అమెరికాలో ట్రావెల్ నర్సింగు అని ఒకటుంది. ఆసుపత్రిలో నర్సులు చాలకపోతే ఏజెన్సీ మామూలుగా 13 వారాల ఒప్పందం మీద నర్సును పంపిస్తుంది. ఆసుపత్రి గంటకింత అని ఏజెన్సీకి ఇస్తుంది. ఏజెన్సీ తన వాటా మినహాయించుకుని మిగతాది నర్సుకిస్తుంది. ఆ లెక్క తెలిసిన నర్సులు ఇద్దరు ముగ్గురు ఏజెన్సీల కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటారు. గంటకెంత, ఇంటి అద్దెకెంత, ఆసుపత్రి డ్యూటీ రద్దు చేస్తే నా కూలి ఎవరిస్తారు అని తేల్చుకున్నాకే సంతకం పెడతారు. మేకపోతును అమ్మేటప్పుడు మనం ఇద్దరు ముగ్గుర్ని అడగమా? మన కష్టాన్ని అమ్మేటప్పుడు ఎందుకు అడగం?

ఇప్పుడు చెప్పేవి గుర్తుపెట్టుకోండి.

ఒకటి, ఏజెంటు. వాడికి ప్రభుత్వ లైసెన్సు ఉందా లేదా ఈ-మైగ్రేట్‌లో నంబరు కొట్టి చూడండి. సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించకూడదని నిబంధన. రసీదు అడగండి. 2015లో కొచ్చిలో ఒక ఏజెన్సీ 19,500 తీసుకోవాల్సిన చోట ఒక్కో నర్సు దగ్గర 19.5 లక్షలు గుంజిందని సీబీఐ కేసు పెట్టింది. ఆ ఏడాదే, గల్ఫ్ సహా 18 దేశాలకు పోయే నర్సులకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి చేశారు. "విజిట్ వీసా మీద పో, అక్కడ చూసుకుందాం" అన్నవాడి గడప తొక్కొద్దు. బ్రిటన్‌లో అయితే పని వెతికిపెట్టినందుకు మనిషి దగ్గర ఫీజు తీసుకోవడమే చట్టవిరుద్ధం. ముందు ప్రభుత్వ సంస్థల్ని అడగండి. ఆంధ్రకు ఓంక్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ ఉన్నాయి.

రెండు, బేసిక్ జీతం. మొత్తం చూసి మురిసిపోవద్దు. యూఏఈలో పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్కగడతారు. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. అలవెన్సులు పెంచి బేసిక్ తగ్గించారంటే ఆ మేరకు మనకు కోత. వారానికి ఎన్ని గంటలు, ఓటీ ఎంత, గది ఎవరిది, సెలవుకు టిక్కెట్టు ఎవరిది, అన్నీ కాగితం మీద రాయించుకోండి. నోటిమాట విమానం ఎక్కదు.

మూడు, మానేసే షరతు. ముందు చదవాల్సింది ఇదే. ఫిలిప్పీన్స్ నర్సులు న్యూయార్కులో కేసు వేశారు. మధ్యలో మానేస్తే 25,000 డాలర్ల దాకా కట్టాలన్న షరతు బలవంతపు చాకిరీ చట్టానికి విరుద్ధమని 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు చెప్పింది. వాళ్లు ఒక్కొక్కరుగా ఏడుస్తూ కూర్చోలేదు, కలిసి నిలబడ్డారు.

నాలుగు, మన కాగితాలు మన దగ్గరే. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం యూఏఈ, ఖతార్ చట్టాల ప్రకారం కూడా తప్పే. ఇక్కడి ఆసుపత్రుల్లో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వొద్దు. రెండేళ్ల అనుభవం కావాలి కదా అని ఇక్కడ ఎంతకంటే అంతకు చేయొద్దు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం 20,000కు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. సిఫారసు చట్టం కాదు, నిజమే. కానీ బేరానికి కూర్చున్నప్పుడు ముందు పెట్టడానికి పనికొస్తుంది.

అయిదు, పనితనం. ఐసీయూ, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ పని నేర్చుకుని అనుభవం రాయించుకోండి. అది చూపించి ఎక్కువ అడగండి. "అడిగితే పోస్టు పోతదేమో" అని భయపడతారు. మర్యాదగా అడిగినందుకే పోయే పోస్టు, చేరాక మనల్ని ఏం బతకనిస్తుంది?

చివరి మాట సంఘం అన్నలకు. ఏప్రిల్ 14న దండ వేస్తున్నారు, మంచిదే. కానీ బాబాసాహెబ్ చదవమన్నాడు. వాడలో ఏ ఆడపిల్ల చేతికి కాంట్రాక్టు వచ్చినా, సంతకానికి ముందు సంఘంలో కూర్చుని ఒక్కో లైనూ తెలుగులో చదివి చెప్పండి. ఒక నకలు సంఘం పెట్టెలో ఉంచండి. ముందు పోయినవాళ్ల కాగితాలుంటే వెనక పోయేవాళ్లకు రేటు తెలుస్తుంది. నేను సంతకం పెట్టిన ఆ ఆరు పేజీలు ఇవాళ తెచ్చాను. సంఘం పెట్టెలో మొదటి కాగితం అదే కానీయండి.

జై భీమ్.