ఇల్లు కొనేటప్పుడు: ధర, పోటీ, కనిపించని ప్రమాదాలు



అర్థశాస్త్రం చదివేవారికి సంపూర్ణ పోటీ మార్కెట్ లక్షణాలు కంఠతా వచ్చే ఉంటాయి. అమ్మేవారు, కొనేవారు అసంఖ్యాకంగా ఉండాలి. వస్తువు సజాతీయంగా ఉండాలి. మార్కెట్ గురించి అందరికీ సంపూర్ణ పరిజ్ఞానం ఉండాలి. ఇవి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటాం, ఆ తరువాత మరచిపోతాం. ఈ పాఠంలో మన కుటుంబాలు చాలావరకు జన్మకొక్కసారి అడుగుపెట్టే ఒక మార్కెట్‌ను తీసుకుని, ఈ లక్షణాలలో అక్కడ ఏది ఉందో, ఏది లేదో పరిశీలిద్దాం. అది ఇళ్ల మార్కెట్.

ఇల్లు కొనే వయసు మాకింకా రాలేదు కదా అని మీరనుకోవచ్చు. కానీ మన ఇళ్లలో జరిగేదేమిటి? నాన్నగారు పీఎఫ్ డబ్బు తీస్తారు, అమ్మ నగలు బయటికి వస్తాయి, బ్యాంకు ఇరవై ఏళ్ల అప్పు ఇస్తుంది. తీరా కాగితాలు వచ్చాక "ఇందులో ఏం రాశారో కాస్త చదివి చెప్పు" అని కాలేజీకి వెళ్లే పిల్లల చేతికే ఇస్తారు. అందుకే ఈ పాఠం మీకు.

బజారులో కిలో వంకాయలు కొన్నాం. పుచ్చులు వచ్చాయి. రేపు మరో దుకాణానికి వెళతాం. ఇవాళ పోయింది కొద్ది డబ్బే, పైగా ఏ దుకాణంలో సరుకు ఎలా ఉంటుందో తెలిసింది. ఇంటి విషయంలో ఇలా నేర్చుకునే అవకాశం లేదు. ఒకే అంతస్తులో పక్కపక్కన ఉన్న రెండు ఫ్లాట్లు కూడా ఒకటి కావు; ఒకదానికి గాలి వస్తుంది, రెండోదానికి లిఫ్టు మోత వస్తుంది. అమ్మే వ్యక్తి ఆ ఇంట్లో పదేళ్లు ఉన్నాడు. ఏ గోడ చెమ్మెక్కుతుందో, ఏ నెలలో బోరు ఎండిపోతుందో అతనికి తెలుసు. కొనేవారు చూసేది ఒక ఆదివారం పొద్దున, అరగంట. అర్థశాస్త్రంలో దీన్ని అసౌష్ఠవ సమాచారం అంటారు, అంటే ఒక పక్షానికి తెలిసినది రెండో పక్షానికి తెలియకపోవడం.

ఇక పోటీ సంగతి. ఇల్లు చూడడానికి వెళ్లిన ప్రతివారూ వినే మాట ఒకటుంది: "నిన్ననే ఇద్దరు చూసి వెళ్లారండీ, సాయంత్రంలోగా టోకెన్ ఇవ్వకపోతే చెయ్యి జారిపోతుంది." అది నిజమే అనుకుందాం. ఆ పోటీ మనకు ఏం చెబుతుంది? రోడ్డు వెడల్పుగా ఉందని, బడి దగ్గరని, తూర్పు ముఖమని, బస్సో మెట్రోనో అందుబాటులో ఉందని చెబుతుంది. ఎందుకంటే ఆ ఇద్దరూ చూసింది కూడా వాటినే. ఆ స్థలం రెవెన్యూ రికార్డులో ఏమని ఉందో వారు చూడలేదు, మనమూ చూడలేదు. పదిమంది పోటీ పడి పెంచిన ధరలో పదిమంది కళ్లకూ కనిపించిన గుణాలే ఉంటాయి. ఎవరి కంటా పడని లోపం ఆ ధరలోకి రాదు. పైగా పోటీ వల్ల తొందర పెరుగుతుంది, తొందర వల్ల వెతికే సమయం తగ్గుతుంది. ధర ఎంత వేగంగా పెరుగుతుంటే దానిలో ఉండే సమాచారం అంత పలచబడుతుందన్న మాట. ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవలసిన అంశం ఇదే.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక ఫ్లాటు అసలు విలువ 58 లక్షలు అనుకోండి. అది ఎవరికీ కచ్చితంగా తెలియదు. ముగ్గురు అంచనా వేశారు: ఒకరు 52, ఒకరు 57, ఒకరు 65 లక్షలు. సగటు 58. అంచనాలు సగటున సరిగ్గానే ఉన్నాయి. కానీ ఇల్లు సగటు మనిషికి దక్కదు, 65 అన్నవారికి దక్కుతుంది. రెండోవారు 57 దగ్గర ఆగిపోతారు గనుక ఆయన 58కే కొనవచ్చు. కానీ పోతుందేమోనన్న భయంతో 62, 63 చెల్లిస్తే గెలుపే నష్టమవుతుంది. దీనికి విజేత శాపం అని పేరు. 1971లో కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు ఇంజనీర్లు సముద్రగర్భ చమురు క్షేత్రాల వేలాలను పరిశీలించి ఈ సంగతి రాశారు. పోటీదారుల సంఖ్య పెరిగే కొద్దీ మనం వేసే పాట మరింత జాగ్రత్తగా ఉండాలన్నది వారి సలహా. మన ఇళ్లలో చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

మరో రకం పోటీ కూడా ఉంది, అది పత్రికల ద్వారా వస్తుంది. 2023 ఆగస్టులో హైదరాబాద్ కోకాపేట నియోపోలిస్ వేలంలో ఒక ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. ఎకరానికి 4,840 గజాలు కదా, భాగించి చూస్తే గజం సుమారు రూ.2.08 లక్షలు. ఆ పాట పాడినవి ఆకాశహర్మ్యాలు కట్టే పెద్ద సంస్థలు. ఆ స్థలానికి రోడ్లు, నీరు, అనుమతుల సంగతి వేరు. కానీ ఇలాంటి అంకె పేపర్లో పడితే చాలు, ఎక్కడో ముప్పై కిలోమీటర్ల అవతల వెంచరులో ప్లాటు అమ్మే ఏజెంటు నోట కూడా అదే వినిపిస్తుంది. పక్కవారి ధర మన ధరకు ఎంతవరకు సాక్ష్యమో అడగకుండా మనం తల ఊపుతాం.

ఎక్కువ ధర సంగతి ఇలా ఉంటే, తక్కువ ధర సంగతి ఏమిటి? 1970లో జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పాత కార్ల మార్కెట్ గురించి ఒక వ్యాసం రాశారు. మంచి కారేదో, చెడ్డ కారేదో కొనేవారికి తెలియనప్పుడు అందరూ ఒక సగటు ధరే ఇస్తామంటారు. ఆ ధరకు మంచి కారు యజమాని అమ్మడు, తప్పుకుంటాడు. చివరికి మార్కెట్లో చెడ్డ కార్లే మిగులుతాయి. ఈ ఆలోచనకు ఆయన 2001లో స్పెన్స్, స్టిగ్లిట్జ్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. కాగితాలన్నీ సక్రమంగా ఉన్న యజమాని గజానికి వెయ్యి తగ్గించమంటే తగ్గించడు. చిక్కు ఉన్నవాడు తగ్గిస్తాడు. "ప్రీలాంచ్ ఆఫర్" అంటూ మార్కెట్ ధరలో సగానికే ఇస్తామన్నారంటే, మిగిలిన సగం ఎవరూ మనకు దానం చేయడం లేదు. అనుమతి రాకపోతే కలిగే నష్టాన్ని మన నెత్తిన పెడుతున్నారు. 2016 నాటి రెరా చట్టం కిందికి వచ్చే ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్రకటించడం గానీ అమ్మడం గానీ నిషేధం.

ఇప్పుడు కనిపించని ప్రమాదాల దగ్గరకు వద్దాం. తెలుగు ప్రాంతాలలో అన్నిటికన్నా ముందు చెప్పవలసింది చెరువు గురించి. చెరువుకు ఎఫ్‌టీఎల్ అనే ఒక హద్దు ఉంటుంది, అంటే నిండినప్పుడు నీరు ఎంతవరకు నిలుస్తుందో ఆ గీత. దాని వెలుపల బఫర్ జోన్. 2012 భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు వదలాలి. మే నెలలో చూడడానికి వెళితే ఆ గీత ఎక్కడా కనిపించదు. నేల ఎండి, చదునుగా, తెల్లటి రాళ్లు పాతి, ఎంతో ముచ్చటగా ఉంటుంది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ టోలీచౌకీలోని నదీమ్ కాలనీ వీధుల్లో పడవలు తిరిగాయి. నీరు కొత్తగా రాలేదు, తన పాత చోటికి వచ్చింది. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా చెరువుల హద్దుల్లోని కట్టడాలను కూల్చినప్పుడు, అప్పులు తీసుకుని ఈమధ్యే కొన్న కుటుంబాలు రోడ్డున నిలబడి ఏడవడం మీరు టీవీలో చూసే ఉంటారు. వారిలో చాలామందికి రిజిస్ట్రేషన్ కాగితాలు ఉన్నాయి.

"రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు లోన్ ఇచ్చింది, ఇంకేం కావాలి?" అని ఇంట్లో పెద్దవారు అంటారు. కేరళలోని కొచ్చి దగ్గర మరడు ఫ్లాట్లు కొన్నవారు కూడా అలాగే అనుకున్నారు. నీటి అంచున నాలుగు భవన సముదాయాలు, మూడు వందలకు పైగా ఫ్లాట్లు. స్థానిక సంస్థ అనుమతి ఇచ్చింది, పన్నులూ కట్టించుకుంది. కానీ అవి తీరప్రాంత నియంత్రణ నిబంధనలకు విరుద్ధమని 2019 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది. 2020 జనవరి 11, 12 తేదీలలో వాటిని పేలుడు పదార్థాలతో నేలమట్టం చేశారు. ఫ్లాటుకు రూ.25 లక్షల తాత్కాలిక పరిహారం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. ఆ ఫ్లాట్ల కోసం ఒకప్పుడు ఎందరు పోటీ పడ్డారో ఊహించండి. నీటి అంచు అందరికీ కనిపించింది, అందువల్లే ధర పలికింది. నిబంధన కాగితంలో ఉండిపోయింది.

మన దేశంలో రిజిస్ట్రేషన్ అంటే ఫలానా దస్తావేజు ఫలానా రోజు రాసుకున్నారని నమోదు చేయడమే. అమ్మినవాడికి ఆ హక్కు ఉందని ప్రభుత్వం పూచీ పడటం కాదు. ఈసీ అనబడే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో కూడా రిజిస్టరైన లావాదేవీలే వస్తాయి. నోటి మాట పంపకాలు రావు, నడుస్తున్న దావాలన్నీ రావు. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు అప్పు గురించి. ఇల్లు పోయినా వాయిదాలు ఆగవు.

చిన్నగా కనిపించి పెద్దగా కొట్టే మరో ప్రమాదం, సంతకం చేయని ఆడపడుచు. ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతో, దేశమంతటా 2005 సవరణతో హిందూ ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కు వచ్చింది. అన్నదమ్ములు ముగ్గురూ సంతకాలు పెట్టి ఇల్లు అమ్ముతారు. "చెల్లెలికి పెళ్లప్పుడే ఇచ్చేశాం" అంటారు. ఆమె రాసిచ్చిన కాగితం ఉందా అని అడిగితే మొహమాటం. ఆ మొహమాటం కొన్నేళ్ల తరువాత కోర్టు వాయిదాలుగా మారుతుంది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగడంలో అమర్యాద ఏమీ లేదు. అలాగే జీపీఏ పత్రాల మీద చేతులు మారిన ఆస్తి. అలాంటి పత్రంతో యాజమాన్యం బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

చట్టం కొనేవారి పక్షాన ఏమీ లేదా అంటే, ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి కొనేవారికి తెలియని, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు చెప్పి తీరాలి. "మామూలు జాగ్రత్త" అన్న మాట గమనించండి. గోడ మీద బీట కనిపిస్తూనే ఉంటే, చెప్పలేదని తరువాత ఫిర్యాదు చేయలేం. పైగా ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే ఈ రక్షణ తగ్గిపోవచ్చు. "ఉన్నది ఉన్నట్టుగా" అన్న వాక్యం కనిపిస్తే అక్కడ ఆగి చదవాలి. రెరా కింద బిల్డరు నిర్మాణ లోపాలకు స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లు బాధ్యుడు, చెప్పిన 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. స్థలం హక్కులోనే లోపముంటే పరిహారం ఇవ్వాలి, దానికి కాలపరిమితి అడ్డు రాదు. అయితే ఇది ప్రమోటరు అమ్మిన ఇంటికే. పక్కింటాయన తన పాత ఫ్లాటు అమ్మితే వర్తించదు.

టోకెన్ సంగతి చెప్పి ముగిస్తాను. రాతపూర్వక అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకముందే ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదని రెరా 13వ సెక్షన్ చెబుతుంది. తొందర పెట్టేవారికి చెప్పవలసిన జవాబు ఇది: "పదిహేను రోజులు ఇవ్వండి, కాగితాల నకళ్లు ఇవ్వండి, లాయరుకు చూపించి వస్తాం." కాగితాలు సక్రమంగా ఉన్నవారిలో చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అదీ ఒక సమాచారమే, పైసా ఖర్చు లేకుండా దొరికింది. ఆ ఇల్లు ఇంకొకరికి పోవచ్చు. బాధ కలుగుతుంది, నిజమే. 60 లక్షల ఇంటికి లాయరుకు, ఇంజనీరుకు కొన్ని వేలు ఖర్చు పెట్టడానికి వెనకాడే కుటుంబమే, గది రంగుల గురించి నెల రోజులు చర్చిస్తుంది.

మీకు ఇంటిపని. మీ ఊళ్లో మీ వీధికి దగ్గరలో ఉన్న చెరువో, కుంటో, వాగో ఏదో కనుక్కోండి. దాని హద్దు ఎక్కడిదాకా ఉందో గ్రామ పటంలో చూడండి. హైదరాబాద్ విద్యార్థులకు హెచ్ఎండీఏ వెబ్‌సైటులో చెరువుల పటాలు దొరుకుతాయి. తరువాత మీ వీధిలో అందరికన్నా పెద్దవారిని అడగండి, వానలు బాగా పడిన ఏడు నీళ్లు ఎంతవరకు వచ్చేవని. పటంలో గీత, పెద్దవారి మాట, ఈ రెంటికీ తేడా ఎంతో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో గృహరుణం వడ్డీ లెక్క చేద్దాం.