బోరు నీళ్లకూ ఒక పుస్తకం పెడదాం

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘాల పంచసూత్రాల్లో పుస్తకాల నిర్వహణ ఒకటి. ఒక్క నెల పొదుపు కట్టిందని ఎవరికీ మనం అప్పు మంజూరు చెయ్యం. వరుసగా ఎన్ని నెలలు కట్టింది, ఎక్కడ తప్పింది అని పుస్తకం తిప్పి చూస్తాం. బోరు నీళ్ల సంగతీ అంతే. ముఖ్యంగా లారీల అడ్డా, ట్యాంకర్లు కడిగే జాగా పక్కన ఉన్న ఊళ్లకు ఈ మాట చెప్పాలని వచ్చాను.

ఆ జాగాల్లో ఏం జరుగుతుందో మీరు చూస్తూనే ఉంటారు. డీజిల్ కారుతుంది. పాత ఇంజనాయిల్ నేల మీద పోస్తారు. గ్రీసు వదిలించే మందులతో సామాన్లు కడుగుతారు. నేల అంతా పీల్చుకుంటుంది, పైకి ఏమీ కనపడదు. వాన పడ్డప్పుడల్లా కొంత కిందికి దిగుతుంది. మన దగ్గర కింద ఉన్నది రాయి. నీళ్లు రాతి పగుళ్ల వెంట పోతాయి. అందుకని అడ్డాకు దగ్గరున్న బోరు బాగుండి, దూరంగా ఉన్నది చెడిపోవచ్చు. ఈ ఏడు బాగున్నది నాలుగేళ్లకు చెడిపోవచ్చు.

పటాన్‌చెరు సంగతి మీకు తెలుసు. 1970ల్లో అక్కడ ఫ్యాక్టరీలు మొదలయ్యాయి. ఆ వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి, వాగు పోయి మంజీరలో కలుస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల బావులు, పొలాలు పాడయ్యాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఫ్యాక్టరీల వ్యర్థాలు ట్యాంకర్లలో అక్కడికి పోయేవి. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీళ్లలో మందుల కోసం వెతికారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది. మనం జ్వరానికి, ఇన్‌ఫెక్షన్‌కు మింగే మందే అది. మామూలు నీళ్ల పరీక్షలో ఆ మందు పేరే ఉండదు. వెతికారు కాబట్టి దొరికింది. దేని కోసం వెతకమని అడగలేదో అది కాగితం మీదికి రాదు.

మన చేతిలో ఉన్న కిట్ గురించి కూడా ఇదే చెప్పాలి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊరిలో ఐదుగురు ఆడవాళ్లకు కిట్‌తో నీళ్లు పరీక్షించడం నేర్పాలని ఉంది. నేర్చుకున్నవాళ్లు ఈ సభలోనూ ఉన్నారు. మంచి పని. ఫ్లోరైడ్, నైట్రేట్, క్లోరైడ్, ఇనుము, కాఠిన్యం కిట్ చెబుతుంది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 45 దాటితే తాగొద్దని కూడా మీకు తెలుసు. కానీ డీజిల్, బెంజీన్ ఆ కిట్‌కు దొరకవు. టీడీఎస్ మీటరు చూపేది కరిగిన ఉప్పులనే. అంకె తక్కువ వచ్చింది కాబట్టి నూనె లేదనుకోవద్దు. తాగే నీళ్లలో బెంజీన్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంత కొంచెం కంటికి ఆనదు. కాచి తాగుతాం అంటారా? కాస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు, ఫ్లోరైడ్ పోదు. డీజిల్ వాసన వచ్చే నీళ్లు కాస్తే ఆ ఆవిరి వంటింట్లోకే వస్తుంది.

“భగీరథ నల్లా వస్తోంది కదా, బోరుతో ఏం పని?” అని అడుగుతారు. నల్లా రాని రోజు ఏ నీళ్లు పడతాం? బర్రెలు ఏ నీళ్లు తాగుతాయి? ఆకుకూర మడికి ఏ నీళ్లు పారిస్తాం?

కాబట్టి పని ఇలా పెట్టుకుందాం. అడ్డాకు ఎగువన ఒక బోరు, దిగువన రెండు బోర్లు ఎంచుకోవాలి. ఎగువ బోరు లేకపోతే తేడా తెలియదు. ఏటా రెండుసార్లు, మే నెలలో వానలకు ముందు, నవంబరులో వానల తర్వాత, అవే బోర్లు చూడాలి. మోటరు పది నిమిషాలు నడిపాక నీళ్లు పట్టాలి. తేదీ, బోరు లోతు, రంగు, వాసన, కిట్ అంకెలు, పరీక్ష చేసినవాళ్ల సంతకం రిజిస్టరులో రాయాలి. బాగున్న ఏడు కూడా రాయాలి, రేపు చెడిపోతే ముందు ఎలా ఉండేదో చూపేది ఆ పేజీయే.

వాసన వచ్చినా, పైన మెరిసే తెట్టు కనపడినా ఆ నీళ్లు తాగడం, వంటకు వాడడం అప్పుడే ఆపాలి. గ్రామ సంఘం తీర్మానం రాసి పంచాయతీకి, కాలుష్య నియంత్రణ మండలికి, భూగర్భ జల శాఖకు ఇవ్వాలి. “నీళ్లు పరీక్షించండి” అని రాస్తే చాలదు. “డీజిల్, నూనె, బెంజీన్, గ్రీసు కడిగే రసాయనాలు ఉన్నాయేమో చూడండి” అని పేర్లు పెట్టి రాయాలి. ఆ నమూనా మన ప్లాస్టిక్ సీసాలో పట్టొద్దు. ల్యాబ్‌వాళ్లే వచ్చి గాజు సీసాలో, గాలి బుడగ లేకుండా పట్టుకోవాలి. డీజిల్ నీళ్ల మీద తేలుతుంది, గ్రీసు కడిగే రసాయనాల్లో కొన్ని అడుక్కు దిగుతాయి. అందుకే అడ్డా చుట్టూ పరిశీలన బోర్లు వేసి వేర్వేరు లోతుల్లో చూడమని కూడా అడగాలి.

ఒక్క కాగితం పట్టుకుపోతే “ఆ రోజు అలా వచ్చిందేమో” అంటారు. మూడేళ్ల రిజిస్టరు ముందు పెడితే ఆ మాట అనలేరు. రోడ్డు పక్క ఊళ్ల గ్రామ సంఘాలు వచ్చే నెల సమావేశంలోనే బోర్లు ఎంచుకుని, రిజిస్టరు ఎవరు రాస్తారో తీర్మానం చేసుకోవాలని కోరుతున్నాను.